నాటకానికి ఒక్కరే వెళ్తున్నారా? ఈ ఉచిత సలహాలు మీకే

సురభి వాళ్ల మాయాబజార్ మళ్లీ రవీంద్రభారతికి వచ్చింది. తాతయ్య నోట విన్నప్పటి నుంచి చూడాలి చూడాలి అనుకుంటూ, పరీక్షలనీ పెళ్లిళ్లనీ ఈఎంఐలనీ ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చిన నాటకం. ఈసారి ఏమైనా సరే చూసి తీరాలని పట్టుబట్టారు. బాగుంది. చిక్కంతా ఒక్కరే వెళ్తాననడంలోనే ఉంది. మనవాళ్లలో ఒక మనిషి ఒంటరిగా సినిమాకు వెళ్తే బస్సుకు టైముంది కాబోలు అనుకుంటారు. ఒంటరిగా నాటకానికి వెళ్తే మాత్రం ఇంట్లో ఏదో జరిగిందనే అనుకుంటారు. అందుకని ఈ వ్యవహారాన్ని పరువు దక్కించుకుంటూ నెట్టుకొచ్చే మార్గాలు చెబుతాను. తు.చ. తప్పకుండా పాటించారంటే టికెట్టు డబ్బులు పెట్టి, సీట్లో కూర్చుని, నాటకం మాత్రం కంటబడకుండా క్షేమంగా ఇల్లు చేరతారు.

అసలు ఒక్కరే వెళ్లే పరిస్థితి రాకుండా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. దానికి వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టండి. 'చలో మాయాబజార్' అని పేరు పెట్టి పాత ఆఫీసు వాళ్లని, తోడల్లుణ్ణి, అపార్ట్‌మెంట్ సెక్రటరీని చేర్చండి. అందరూ బొటనవేలు చూపిస్తారు. తోడల్లుడు పార్కింగ్ ఉంటుందా అంటాడు. సెక్రటరీ గారు ఫ్యామిలీతో రావచ్చా అని అడిగి, ఫ్యామిలీని అడిగి చెబుతానంటారు. ఎవరో ఒకరు ఇది ఓటీటీలో వస్తుందేమో కనుక్కోమంటారు. శనివారం అంటే ఒకరికి ఉపవాసం, ఆదివారం అంటే ఇంకొకరికి మ్యాచ్. తేదీ కుదిరేలోపు నాటకం అయిపోతుంది. గ్రూపులో గుడ్ మార్నింగులు మాత్రం కలకాలం వస్తూనే ఉంటాయి. ఈ పద్ధతిని నిక్షేపంగా నమ్మవచ్చు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించింది మొదలు ఆ కుటుంబాలు ఆడుతూనే ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి, వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటూ తరాలకు తరాలు చూడకుండానే గడిపేసిన ఇళ్లు ఎన్ని లేవు! ఒకప్పుడు పదుల సంఖ్యలో ఊళ్లు తిరిగిన సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయంటే అందులో మన గ్రూపుల కృషి కూడా కొంత ఉంది.

తీరా గ్రూపంతా చేతులెత్తేసింది, వెళ్లక తప్పడం లేదు అనుకుందాం. అప్పుడు రెండు టికెట్లు కొనండి. ఒకటి మీకు, రెండోది మీ దస్తీకి. ముందే వెళ్లి కూర్చుని, పక్క సీటు మీద దస్తీ మడతలన్నీ విప్పి పరవండి. హాలు నిండుతుంది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఒక పెద్దావిడ వరసలన్నీ వెతుక్కుంటూ వచ్చి, 'ఇక్కడ ఎవరైనా ఉన్నారా బాబూ?' అంటుంది. 'వస్తున్నారండీ, పార్కింగ్‌లో ఉన్నారు' అనండి. ఆ మాట అనేటప్పుడు ఒకసారి తలుపు వైపు చూడాలి, లేకపోతే నమ్మరు. తర్వాత పావుగంటకోసారి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని 'ఎక్కడిదాకా వచ్చావ్? ఖైరతాబాద్ సిగ్నలా? సరే సరే' అంటూ ఉండండి. తెర లేచాక కూడా ఈ ఫోన్లు ఆపకూడదు. రావలసినవాళ్లు ఎంత ఆలస్యమైతే మీకు అంతమంది ఉన్నట్టు. పెద్దావిడ వెనక వరసలో ఒక్క సీటు దొరికించుకుని, పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని సర్దుకుంటుంది. ఆవిడ సంగతి మళ్లీ వస్తుంది.

దస్తీ కాపలా మీవల్ల కాదనుకుంటే ఆలస్యంగా వెళ్లే మార్గం ఉంది. ఆరున్నర అని వేస్తే ఏడున్నరకు. మన సభల లెక్క తెలిసినవాళ్లెవరూ ముందు వెళ్లరు. జ్యోతి ప్రజ్వలన ఉంటుంది. ప్రార్థనాగీతం పాడాల్సిన అమ్మాయి దారిలో ఉంటుంది. ముఖ్య అతిథి 'నాకు నాటకాల గురించి పెద్దగా తెలియదు కానీ' అని మొదలుపెట్టి ఆ ఒక్క మాటను అరగంట నిరూపిస్తారు. ఆ మీదట శాలువాలు, జ్ఞాపికలు, గ్రూపు ఫోటో. టికెట్టు పెట్టి ఆడేవాళ్లు ఒక్కోసారి చెప్పిన టైముకే తెర ఎత్తేస్తారు, అది వాళ్ల తొందరపాటు. మీరేమీ కంగారుపడకుండా చీకట్లో ఫోన్ టార్చి వేసుకుని, నడిమి వరసలో నడిమి సీటు చూసుకుని, పదిమంది మోకాళ్లు దాటుకుంటూ వెళ్లండి. వేదిక మీద మేఘాల్లోంచి నారదుడు దిగుతూ ఉంటాడు. ఆయన దిగడం, మీరు కూర్చోవడం ఒకేసారి పూర్తయితే అందం.

సీటు విషయంలో ఇంకో కిటుకు ఉంది. ముందు వరస సోఫాలు ఎలాగూ వీఐపీలవి, వాళ్లు రాకపోయినా వాళ్లవే. వాటి వెనకాల ఎడమ చివర కూర్చుంటే వేదిక సగమే కనబడుతుంది కానీ ఎదుటి వింగ్ మొత్తం కనబడుతుంది. నాటకం ఎలా ఆడిస్తున్నారో తెలిసిపోతే ఇక నాటకం చూడాల్సిన పనేముంది? ఇందాక చెలికత్తెగా నిలబడ్డ అమ్మాయి వింగ్‌లోకి రాగానే కొంగు నడుముకు దోపుకుని తెర తాడు అందుకుంటుంది. కిరీటం పెట్టుకున్న పిల్లాడొకడు పెదాల రంగు చెరగకుండా సీసా ఎత్తి నీళ్లు పోసుకుంటాడు, సగం మెడలో హారాల మీద పడతాయి. సురభిలో వేషాలు కట్టేవాళ్లు, తెరలు లాగేవాళ్లు, లైట్లు వేసేవాళ్లు అంతా ఆ కుటుంబాల వాళ్లే. పాలు మానకముందే వేదిక మీదకు వచ్చేస్తారు. ఇక్కడొక హెచ్చరిక. ఆ పిల్లాడినే చూస్తూ ఉండిపోయారంటే, వాడు మూతి తుడుచుకుని వెలుగులోకి నడిచినప్పుడు వాడి వెంట మీ కళ్లు కూడా వేదిక మీదకు వెళ్లిపోతాయి. తిరిగి తెచ్చుకోవడం కష్టం.

ఇక ట్రిక్కు సీన్లు. ఫ్రాన్సు దాకా వెళ్లి ఆడి వచ్చిన నాటకానికి అంత పేరు తెచ్చింది ఇవే కాబట్టి మీ శ్రద్ధంతా ఇక్కడ చూపించాలి. ఘటోత్కచుడు పళ్లేల ముందు చతికిలబడతాడు. నోరు తెరుస్తాడు. పళ్లెంలోంచి లడ్డు ఒకటి తనంతట తాను లేస్తుంది. వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం గాల్లో ఆగుతుంది. ఆ తర్వాత నేరుగా వెళ్లి నోట్లో పడుతుంది. ఆయన దవడలు ఆడిస్తాడు, పొడి గుండెల మీద రాలుతుంది, ఇంకో లడ్డు లేస్తుంది. హాల్లో పిల్లలందరికీ ఒకేసారి ఊపిరి ఆగుతుంది. ఆ సమయంలో మీరు లడ్డును చూడకూడదు. లడ్డుకు జానెడు పైన చూడాలి. దారం ఉంటుంది. దాని వెంటే కళ్లు పైకి పోనిచ్చి, అక్కణ్ణుంచి పక్కకు తిప్పితే వింగ్‌లో ఒక చెయ్యి. దొరికింది! అభిమన్యుడికీ ఘటోత్కచుడికీ యుద్ధమప్పుడూ ఇంతే. ఇటు నుంచి ఒక బాణం, అటు నుంచి ఒక బాణం వచ్చి నడిమధ్యన ఢీకొని నిప్పులు రాలుస్తాయి. నిప్పుల్ని వదిలేయండి, తీగ ఎక్కడ కట్టారో చూడండి. కనిపెట్టింది కడుపులో దాచుకోకుండా 'అదిగో తీగ' అని పక్కవాళ్లకు చెప్పండి. పక్కన దస్తీ తప్ప ఎవరూ లేరు కాబట్టి గొంతు కాస్త పెంచాల్సి వస్తుంది.

మీరు ఇంత కష్టపడి పట్టుకున్న దారాన్ని వెనక వరసలో ఆరేళ్ల పిల్ల అప్పటికే పట్టేసి ఉంటుంది. 'నానమ్మా, దారం!' అంటుంది. 'కనబడుతోందిలేవే, లడ్డు చూడు' అంటుంది పెద్దావిడ. ఇదిగో, ఇలాంటివాళ్లతోనే వచ్చింది గొడవ. దారం కనబడనివాళ్లకు మనం చూపించగలం. దారం కనబడుతున్నా లడ్డునే చూసి నోరు తెరిచేవాళ్లను ఎవరు బాగుచేస్తారు? బాణాలు తగిలినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టేదీ వీళ్లే. వింగ్‌లో ఆ దారం లాగే చెయ్యి కూడా వీళ్లను చూసుకునే అన్నేళ్లుగా లాగుతోంది. మీరు నిరుత్సాహపడకుండా తర్వాతి తీగ వెతుక్కోండి.

తీగలు అయిపోయిన చోట సినిమా అందుకోండి. 1957 నాటి కె.వి. రెడ్డి గారి మాయాబజార్ మీకు కంఠతా వచ్చు. రాని తెలుగువాడు ఎవరు? అందువల్ల వేదిక మీదకు ఎవరొచ్చినా వెంటనే పోల్చేయాలి. ఘటోత్కచుడు రాగానే 'రంగారావు గారు ఎక్కడ, ఈయన ఎక్కడ' అనాలి. శశిరేఖ రాగానే సావిత్రి, శకుని రాగానే సి.ఎస్.ఆర్. లక్ష్మణకుమారుడు రాగానే రేలంగిని తలుచుకుని ముందే నవ్వేయండి, ఈయన నవ్వించేదాకా ఆగక్కర్లేదు. సినిమా చూసే ఈ నాటకం కట్టారని కూడా తీర్పు చెప్పొచ్చు. శశిరేఖా పరిణయం కథ ఆ సినిమా పుట్టకముందే వేదికల మీద ఆడిందని ఎవరైనా అంటే వినబడనట్టు ఉండండి. సినిమాలో మార్కస్ బార్‌ట్లీ కెమెరాకు కుదరకపోతే మళ్లీ తీసుకునే వీలుంది. ఇక్కడ లడ్డు గురి తప్పితే తప్పినట్టే. కాబట్టి తప్పుతుందేమోనని ఆశగా ఎదురుచూడండి. కిరీటం జారినా, మైకు కీచుమన్నా, తెర సగంలో ఇరుక్కున్నా టికెట్టు డబ్బులు గిట్టినట్టే. ఆ పూటకు ఏదీ తప్పకపోతే అది మీ దురదృష్టం.

ఫోన్ గురించి విడిగా చెప్పాలి. ఒక్కరే వచ్చారు కాబట్టి మీరు నాటకం చూశారనడానికి సాక్షులు లేరు. మొదటి గంట కొట్టినప్పటి నుంచి రికార్డు చేయండి. వేదికనంతా అరచేతిలోకి తెచ్చుకుని చూస్తే ఘటోత్కచుడు కూడా చిటికెన వేలంత అవుతాడు, భయం ఉండదు. ఇంకా మంచిది వీడియో కాల్. డల్లాస్‌లో ఉన్న అక్కకు చేయండి, అక్కడ పొద్దున్నే కాఫీ టైము.

'ఏమీ వినబడట్లేదురా. ఎవరదీ?'

'కృష్ణుడక్కా.'

'ఆడమనిషిలా ఉందేంట్రా?'

'ఆడమనిషే.'

'అదేంటి, మగాళ్లు దొరకలేదా?'

ఇక్కడ మీరు వివరించాలి, తక్కిన నాటకం ఎలాగూ దీనికే సరిపోతుంది. మీసాలు తీసేసిన మగవాళ్లే ఆడవేషాలు కట్టిన కాలం ఒకటుంది. స్థానం నరసింహారావు గారు సత్యభామగా చీర కట్టి, 1956లో పద్మశ్రీ దాకా వెళ్లారు. ఆ కాలంలోనే సురభి ఆడవాళ్లు తమ వేషాలు తామే కట్టుకున్నారు, కావలసివస్తే కృష్ణుడి వేషమూ కట్టారు. సురభి కమలాబాయి తల్లికి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులొచ్చి కాన్పు అయిందట. చూసేవాళ్లు అదీ నాటకంలో భాగమే అనుకున్నారట. ఆ పుట్టిన పిల్ల పెద్దయ్యాక మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి అయింది. ఇదంతా అక్కకు చెప్పేసరికి 'ఉండరా, కుక్కర్ పెట్టాను' అని ఆవిడ లేచి వెళ్లిపోతుంది. ఫోన్‌లో ఆవిడ వంటింటి గోడ, వేదిక మీద కృష్ణుడు. మీరు గోడనే చూస్తూ ఉండండి, ఆవిడ మళ్లీ వస్తుంది.

తినడానికి చిప్స్ తీసుకెళ్లండి. ప్యాకెట్టు మాటలు ఉన్నచోట కాదు, మాటలు ఆగిన చోట విప్పాలి.

ఇంటర్వెల్ అసలైన గండం. ఒక్కరే వచ్చినవాళ్ల గుట్టు బయటపడేది అక్కడే. లైట్లు వెలగగానే ఎక్కడికో అర్జెంటుగా వెళ్తున్నట్టు లేవండి. టీ కౌంటర్ దగ్గర రెండు టీలు చెప్పండి. రెండు చేతుల్లో రెండు కప్పులు పట్టుకుని జనంలోకి చూస్తూ నిలబడితే ఎవరూ అనుమానించరు. రెండోది చల్లారాక మీరే తాగేయవచ్చు. ఒక మనిషితో మాత్రం జాగ్రత్త. రిటైరైన పెద్దమనిషి, భుజాన గుడ్డసంచీ. మీ పక్కకొచ్చి 'ఒక్కరే వచ్చారా?' అంటాడు. మీరు రెండో కప్పు చూపించేలోపే 'నేనూ ఒక్కణ్ణేనండీ, ఎప్పుడూ ఒక్కణ్ణే వస్తా' అంటాడు, ఏ సిగ్గూ లేకుండా. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో సురభి వాళ్లు డేరా వేసుకుని నెలల తరబడి మకాం పెట్టిన సంగతి, పూటకో నాటకం మార్చి ఆడిన సంగతి, పగలు బళ్లో తన బెంచీ మీద కూర్చుని లెక్కలు తప్పు చేసిన కుర్రాడు రాత్రికి ప్రహ్లాదుడై కనబడితే వాడికి దణ్ణం పెట్టాలా వద్దా అని తను తికమకపడ్డ సంగతి చెప్పుకొస్తాడు. వింటుంటే ఇంకా వినాలనిపిస్తుంది. మీరూ రెండు మాటలు అడుగుతారు. ఇక అంతే, రెండో సగంలో దారాలు కనబడవు. 'మావాళ్లు పిలుస్తున్నారు' అని తప్పుకోండి. ఆ రెండో టీ ఆయన చేతికివ్వాలని అనిపిస్తే నిగ్రహించుకోండి.

ఇవే సలహాలు చిన్నచిన్న మార్పులతో తక్కిన నాటకాలకూ పనికొస్తాయి. కురుక్షేత్రంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వస్తారు, పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు. అడగడానికి పక్కన మనిషి లేడు కాబట్టి 'ఇందాకటి కృష్ణుడు ఏమయ్యాడు?' అని హాలంతటినీ అడగండి. అందరికీ నోటికొచ్చిన పద్యమైతే నటుడి కంటే అర అక్షరం ముందు మీరే అందుకోండి. రాగం మాత్రం ఆయనకు వదిలేయండి, మీకు ఊపిరి చాలదు. వన్స్‌మోర్ అనే హక్కు ప్రేక్షకుడికి ఎప్పటి నుంచో ఉంది. అది పద్యం బాగున్నప్పుడే వాడాలని రూలేమీ లేదు. హరిశ్చంద్రలో కాటిసీను, చంద్రమతి కొడుకును నేల మీద పడుకోబెట్టి గొంతు పెగలక ఆగిపోయింది, హార్మోనియం కూడా ఆగింది. అక్కడ ఒక్క వన్స్‌మోర్ వేసి చూడండి. కన్యాశుల్కం సంగతి వేరు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినదాన్ని గురజాడ వారు తర్వాత బాగా పెంచి తిరగరాశారు. 1909 నాటి ఆ రెండో కూర్పును ఉన్నదున్నట్టు ఆడితే ఒక రాత్రికి తెమలదు. అందుకని ఎవరు ఆడినా కత్తిరించే ఆడతారు. పుస్తకం వెంట తీసుకెళ్లి, ఏ రంగం ఎగరగొట్టారో టార్చి వెలుగులో టిక్కులు పెట్టుకుంటూ కూర్చుంటే మధురవాణి వచ్చి వెళ్లిన సంగతి కూడా తెలియదు.

బయటపడటం గురించి ఒక్క మాట. పెళ్లి ఘట్టం దాకా వచ్చారంటే కథ తేలిపోయింది, ఇంకా కూర్చోవడం మంచిది కాదు. చివర్లో వేషాలన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. చెమటకు రంగు కారిపోతున్న ఘటోత్కచుడు, తెర తాడు లాగిన అమ్మాయి, నీళ్లు తాగిన పిల్లాడు, చంకలో నిద్రకళ్లతో ఇంకో చంటిది. జనం లేచి నిలబడతారు. అక్కడ ఉంటే మీరూ లేస్తారు. చేతులు వాటంతట అవే కలుస్తాయి. ఏమిట్రా ఇది అని అడిగేవాళ్లు పక్కన ఎవరూ లేరు కదా అని, కళ్లు తుడుచుకోవడానికి దస్తీ కోసం తడుముకుంటారు. ఇంతసేపు పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసినట్టే. కాబట్టి ఒక పది నిమిషాలు ముందే లేచి, వచ్చేటప్పుడు దాటిన మోకాళ్లనే మళ్లీ దాటుకుంటూ పార్కింగ్‌లోకి వచ్చేయండి. రద్దీ ఉండదు. మీ బండికి అడ్డంగా మాత్రం నాలుగు బండ్లు పెట్టి ఉంటాయి, అన్నిటికీ హ్యాండిల్ లాక్. ఎవరివని వాచ్‌మన్‌ను అడిగితే 'లోపల నాటకం చూస్తున్నోళ్లవి సార్, అయిపోయినాకే వస్తరు' అంటాడు.